చురక తినగల నాయకుడు

పురానాపూల్ మీద మెంతికూర బేరమాడుతున్నాను. పక్క బండి దగ్గర ఫోన్‌లో ఒక నాయకుడు ఇంకో నాయకుడి తల్లిని ఎత్తి మాట్లాడుతున్నాడు. చూస్తున్న కుర్రాళ్లలో ఒకడు "పంచ్ అదిరింది కాకా" అన్నాడు. వారమంతా ఆ మాట నన్ను వదల్లేదు. తిట్టుకు పంచ్ అని పేరు పెట్టుకున్నాక మన రాజకీయాల్లో చమత్కారానికి చోటు లేకుండా పోయిందని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో పాత పాఠకులకు తెలుసు.

ఈ ఊళ్లో చమత్కారం అనగానే నాకు గుర్తొచ్చేది సరోజినీ నాయుడు. 1879లో ఇక్కడే పుట్టారు. తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ నిజాం కాలేజీకి తొలి ప్రిన్సిపాల్. ముత్యాల గోవిందరాజులు నాయుడుతో ఆమె పెళ్లిని 1898లో మద్రాసులో దగ్గరుండి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. 1578 నాటి ఈ పురానాపూల్ ఒక్కటే రెండు ఒడ్లనూ కలుపుతూ మిగిలింది. అప్పుడు కొంపాగోడూ పోయినవాళ్లకు సాయం అందించడానికి ఆమె పూనుకున్నారు. జనం కష్టంలో పాలుపంచుకున్నవాళ్ల వేళాకోళంలో విషం ఉండదని నా నమ్మకం.

1914లో లండన్‌లో గాంధీజీని ఆమె మొదటిసారి చూసిన తీరు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. మెట్లెక్కి వెళ్లేసరికి ఆయన నేలమీద కూర్చుని జైలునాటి చెక్క గిన్నెలో టమాటాలు, ఆలివ్ నూనె కలిపి నలిపిన ముద్ద తింటున్నారు. చుట్టూ వేయించిన వేరుశనగలు, ఎండు అరటి పిండి బిస్కెట్ల డబ్బాలు. దక్షిణాఫ్రికాను కదిలించిన మనిషి! ఆమె ఫక్కున నవ్వేశారు. ఆయన తలెత్తి, ఇంత ధైర్యం నాయుడుగారికి తప్ప ఇంకెవరికుంటుంది, వచ్చి నాతో భోంచేయండి అన్నారు. ఆ ముద్ద నాకొద్దని ఆమె ముఖం మీదే చెప్పేశారు. ముప్ఫై ఏళ్లు దాటిన స్నేహం అలా మొదలైంది. ఆయన్ను మిక్కీ మౌస్ అని పిలిచారు. ఆయన్ను పేదరికంలో ఉంచడానికి బోలెడు ఖర్చవుతోందని కూడా ఆమే అన్నారని చెప్పుకుంటారు. 1930 మేలో గాంధీజీ అరెస్టయ్యాక ధరాసన ఉప్పు కొఠార్ల మీదికి సత్యాగ్రహుల్ని నడిపించిందీ ఆవిడే.

అలాంటి నోరు ఇప్పుడెవరికుంది అని రాయబోయాను. కానీ ఆ లండన్ గదిని మళ్లీ తలచుకుంటే నా చూపు ఆమె మీద కాక, కింద కూర్చున్న మనిషి మీద నిలిచింది. ముఖం మీద నవ్విన మనిషిని ఆయన పక్కన కూర్చోమన్నాడు. 1924లో బెల్గాంలో తాను కూర్చున్న కాంగ్రెస్ అధ్యక్ష పీఠంలో మరుసటి ఏడాది కాన్పూర్‌లో ఆమె కూర్చుంటే సంతోషించాడు. ఆ సహనం లేకపోతే ఆమె చమత్కారం గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

చమత్కారులు మనకిప్పుడూ తక్కువేం కాదు. పాతబస్తీ సంతలో గంటసేపు నిలబడండి, అసెంబ్లీలో ఏడాదంతా వినపడనన్ని చురకలు వినిపిస్తాయి. పార్టీ ఆఫీసుల్లోనూ తెలివైనవాళ్లున్నారు. కాకపోతే నాయకుడి ఎదుట నవ్వితే పదవి పోతుందని వాళ్లకు తెలుసు. దాంతో ఆ నోరంతా ఎదుటి పార్టీవాడి మీదికి మళ్లి, అక్కడ తిట్టుగా మారుతోంది. ఇన్నాళ్లూ తప్పంతా మాట్లాడేవాళ్లదే అనుకున్నాను. పడలేనివాళ్లది అంతకన్నా పెద్ద తప్పు.

ఈసారి ఓటడగడానికి మీ గుమ్మంలోకి వచ్చిన అభ్యర్థిని, పక్కన అనుచరులుండగా, మర్యాదగానే ఒక్క మేలమాడి చూడండి. ముఖం మాడ్చుకుంటే ఆ ఓటు సంగతి మరోసారి ఆలోచించండి.