సావేజి తొంబదితొమ్మిది: ఒక తుపాకి శిల్పము

అమెరికా దేశమున మీట నాడించి తూటా నెక్కించు లివరు తుపాకి యనగానే వేటగాండ్ర నోట మొదట వెలువడు పేరు వించెస్టరు. జాన్ మోజెస్ బ్రౌనింగు మేధస్సునుండి పుట్టిన 1894 నాటి వించెస్టరు, ఆ దేశపు చలనచిత్రములందును, కథలందును, గుఱ్ఱపు జీనుల ప్రక్క వ్రేలాడు తోలుసంచులందును స్థిరనివాసము చేసికొని, డెబ్బదిలక్షలకు పైగా తయారై, తక్కిన లివరు తుపాకులన్నిటిని తన నీడలోనికి నెట్టివైచినది. ఆ కీర్తిని నేను కాదనను. కాని కీర్తి వేఱు, శిల్పము వేఱు. లోహమును మలచుటలో, యంత్రభాగములను ఒండొంటికి పొదుగుటలో, వేటగాని అవసరమును అతనికంటె ముందుగా గ్రహించి తీర్చుటలో సావేజి 99ను మించిన లివరు తుపాకి మఱియొకటి పుట్టలేదని నా దృఢవిశ్వాసము. ఇందుకు నన్ను పక్షపాతి యని ఎవరైన నిందించినచో ఆ నిందను సంతోషముతో శిరసావహింతును.

దీని నిర్మాత ఆర్థరు సావేజి 1857లో జమైకా ద్వీపమందలి కింగ్‌స్టనులో జన్మించెను. యౌవనమున ఆస్ట్రేలియాలో పశువుల మందలను నడపినాడందురు, పిమ్మట కాఫీతోటలు సాగించినాడందురు. తుదకు న్యూయార్కు రాష్ట్రమున మోహాక్ నదీతీరమందలి యుటికా పట్టణము చేరి, అచ్చటి రైలుమార్గమున ఉద్యోగి యయ్యెను. 1892లో అమెరికా సైన్యము నూతన తుపాకికై పరీక్షలు జరిపినపుడు ఇతని నమూనాయు పోటీకి నిలిచినది గాని, జయము నార్వే దేశపు క్రాగ్-యోర్గెన్‌సెన్ తుపాకికి దక్కినది. సైన్యము త్రోసివైచినది వేటగాండ్ర భాగ్యమైనది. ఆ నమూనాయే సవరణలు పొంది 1895లో ఒకమాఱును, 1899లో పరిపూర్ణరూపమునను వెలువడి, దాదాపు శతాబ్ద పర్యంతము అంగడులలో నిలిచినది. సావేజి కంపెనీ ముద్రయందలి ఈకల తలపాగా నాయకుని బొమ్మను 1919లో లేమ్ డీర్ అను అమెరికా ఆదివాసి నాయకుడు, తన జనులకు తుపాకులు చవుకగా ఇచ్చినందులకు ప్రతిగా ప్రసాదించెనని ఒక కథ కలదు. కథ సంగతి యటుండనిచ్చి కౌశలము చూతము.

వించెస్టరునందు తూటాలు గొట్టము క్రిందనున్న మఱియొక సన్నని గొట్టములో ఒకదాని వెనుక నొకటిగా వరుస తీరియుండును. వెనుకటి తూటా కొన ముందటి తూటా అడుగునందలి మందుబిళ్లకు తగులుచుండుటచేత, ఆ కొన వాడిగానున్నచో తుపాకి అదరుపాటున ప్రేలుడు సంభవింపవచ్చును. కావున గొట్టపు మాగజైను గల లివరు తుపాకులు మొద్దుకొనల గుండ్లతోనే తృప్తిపడవలసివచ్చెను. మొద్దుకొన గాలిని చీల్చలేక దూరము పోయినకొలది వేగము కోల్పోవును. సావేజి ఈ చిక్కును మూలమందే త్రెంచివైచెను. ఆయన మాగజైను, తుపాకి నడిమి ఉక్కుపెట్టెయైన రిసీవరు గర్భమున తిరుగు ఒక కండె; అయిదు తూటాలు రంగులరాట్నముపై పిల్లలవలె వేర్వేఱు పీఠములపై కూర్చుండి, లివరు ఆడినపుడెల్ల ఒక్కొక్కటిగా పైకి వచ్చును. ఒకదాని కొన మఱియొకదాని అడుగును తాకుట యుండదు. వాడికొన గుండును లివరు తుపాకిలో నిర్భయముగా వాడు భాగ్యము వేటగానికి దీనివలన కలిగెను. అంతటితో తృప్తిపడక, రిసీవరు ఎడమ ప్రక్కన చిన్న గవాక్షము తెఱచి, లోన ఎన్ని తూటాలు మిగిలియున్నవో అంకెతో చూపునట్లు ఏర్పఱచెను. చలిలో వ్రేళ్లు కొంకర్లుపోయి, చేతొడుగు తీయుటయే కష్టమైనవేళ ఆ చిన్న అంకె విలువ యెంతటిదో అడవిలో నిలిచినవానికే తెలియును.

తూటా వెనుక గొట్టమును మూయు బోల్టు కథ ఇంతకంటె రమ్యము. లివరు క్రిందికి దింపినపుడు బోల్టు వెనుకభాగము మొదట క్రిందికి వాలి, తదుపరి వెనుకకు జరుగును. పైకెత్తినపుడు ముందుకు పోయి, వెనుకభాగము మరల పైకి లేచి, రిసీవరు వెనుకనున్న దట్టపు ఉక్కుగోడకు ఆనుకొని నిలుచును. ప్రేలుడు బలమంతయు ఆ గోడయే భరించును. ఆ రెండు లోహముఖములు సరిగా కలియవలెనన్నచో ఆకురాయి పట్టిన పనివాని చేయి కావలెను. బయట గుఱ్ఱము (తూటాను ప్రేల్చు సుత్తి) లేదు గనుక పొదలకును, అంగీకిని తగులుకొనునదేమియు లేదు. ఖాళీ తూటా పైకి గాక కుడిప్రక్కకు ఎగిరిపడును. రిసీవరు పైభాగము మూతబడి, నున్నగా నుండును. వించెస్టరు 94 ఖాళీ తూటాను నెత్తిమీదికే విసరుచుండుటచేత, దానిపై దుర్భిణి నిలుపుటకు దశాబ్దములు పెనుగులాడవలసివచ్చెను. దుర్భిణి వేటగాండ్రకు సామాన్యోపకరణము కాకమునుపే సావేజి దానికి చోటు సిద్ధపఱచియుంచెను. దూరదృష్టి యనగా నిదియే!

ఈ దృఢమైన యంత్రమునకు తగిన తూటాలను కూర్చినవాడు చార్లెస్ న్యూటను. వృత్తిచే న్యాయవాది, ప్రవృత్తిచే గుండ్ల వేగమునకు దాసుడు. 1912లో వెలువడిన .22 హై-పవరును, 1915లో వచ్చిన .250-3000ను అతని సృష్టులే. రెండవదానికి అతడు బరువైన గుండును కోరగా, కంపెనీవారు 87 గ్రెయినుల తేలిక గుండును ఎన్నుకొని, సెకనుకు 3000 అడుగుల వేగమను అంకెను పేరునందే పొదిగిరి. అమెరికాలో అంగడి తూటా ఆ వేగమందుకొనుట అదియే ప్రథమము. 1920లో వచ్చిన .300 సావేజి, పొట్టి తూటాలో పెద్ద తూటా బలమును చాలవఱకు ఇమిడ్చి, తరువాతి తరమున .308 తూటాకు దారితీసిన సైనిక ప్రయోగములకు ఆధారమైనది.

ఇక ఘనకార్యముల మాట. చైనాదేశపు ఫూకియన్ ప్రాంతమున హారీ కాల్డ్‌వెల్ అను క్రైస్తవ ప్రచారకుడు, ఉడుత గుండువలె కనుపించు .22 హై-పవరుతో పులులను నేలకూల్చి, ఆ అనుభవములను 1924లో ‘బ్లూ టైగర్’ అను గ్రంథమున వెల్లడించెను. అట్టి సాహసమును నేనెవరికిని ఉపదేశింపను. కాని చేతిలోని తుపాకి తప్పదను విశ్వాసము లేనివాడు దానికి పూనుకొనునా? గోబీ యెడారిలో రాక్షసబల్లుల గ్రుడ్లను లోకమునకు చూపిన యాత్రల నాయకుడు రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ మంగోలియా మైదానములందు జింకలపై .250-3000 సావేజిని ప్రయోగించెను. మన తెలుగువారికి చేరువైన లివరు తుపాకి మాత్రము, ఒప్పుకొనక తప్పదు, వించెస్టరే. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలోనిది బ్రౌనింగు నిర్మించిన 1895 నాటి .405 వించెస్టరు, నాటి చిత్తూరు జిల్లా చామల లోయలో నరమాంసము మరిగిన పులి కథను అతడు 1954 నాటి తన మొదటి పుస్తకమున వ్రాసెను. ఐనను, వించెస్టరు భక్తులు గమనింతురు గాక: ఆ 1895 తుపాకిలో బ్రౌనింగు సయితము గొట్టపు మాగజైనును విడిచి పెట్టె మాగజైనును స్వీకరింపవలసివచ్చెను. సావేజి ఎత్తిచూపిన లోపమును ప్రతిపక్షమే అంగీకరించినట్లు కాదా?

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట ముగిసినది, ముగియుట న్యాయమే. ఉద్యోగరీత్యా న్యూయార్కు రాష్ట్రపు ఉత్తరభాగమున స్థిరపడిన నాకు, ఋతువును అనుమతిని పాటించి లేళ్లను వేటాడు అచ్చటి సంప్రదాయము పరిచయమైన నాటినుండి .250-3000 సావేజిపై మనసు నిలిచినది. వెదకువారికి మొదట కలుగునది నిరాశయే. ఒకదాని రిసీవరుపై ఎవరో దుర్భిణికై అడ్డదిడ్డముగా తొలిచిన రంధ్రములుండును. మఱియొకదాని మడమను రబ్బరు మెత్తకై కోసివేసియుందురు. వేఱొకదానిని క్రొత్త నీలివన్నెకై రుద్ది రుద్ది, పదునైన అంచులను, కర్మాగారపు అక్షరములను అరగదీసియుందురు. కొనదలచినవాడు ముందుగా చూడవలసినది టాంగు (రిసీవరునుండి వెనుకకు సాగిన ఉక్కునాలుక) వెనుకనున్న కొయ్య. సావేజికి పుట్టుకతో వచ్చిన బలహీనత అచ్చటనే కలదు. సన్నని చీలిక అక్కడ మొదలై మడమ పొడవున ప్రాకును. పిమ్మట మడమ పలకను విప్పి, కొయ్యపై గుద్దిన సంఖ్య రిసీవరు సంఖ్యతో సరిపోవునో లేదో చూడవలెను. గొట్టము లోపలి మెలికగాళ్లను దీపము పెట్టి పరికింపవలెను. తుదకు లివరును మెల్లగా ఆడించి, బోల్టు తన గోడను చేరు క్షణమున చేతికి తగులు ఆ నిబ్బరమును పరీక్షింపవలెను. ఇవి యన్నియు సరిగానున్న తుపాకి అడిరాండాక్ కొండలకు పోవు త్రోవలో ఒక పల్లె దుకాణమున నాకు లభించినది: గొట్టముపై యుటికా పేరు, అరచేతి ఒరపిడికి వన్నె తగ్గిన లివరు, ఎవ్వరును తొలువని రిసీవరు. చట్టము కోరిన పత్రములు పూర్తిచేసి, బేరమాడకయే కొంటిని. అట్టి వస్తువుకు బేరమాడుట అపచారము.

సమకూర్చుట యనగా క్రొత్తవి తగిలించుట కాదు. తుపాకి ఏమి కోరుచున్నదో వినుట. నా తుపాకి టాంగుపై కర్మాగారమే చేసి పంపిన మర రంధ్రములున్నవి. వానికి కనెక్టికట్ రాష్ట్రపు మిడిల్‌ఫీల్డునందలి లైమన్ వారి పాతకాలపు రంధ్రపు సైటును అమర్చితిని. కంటికి దగ్గఱనున్న ఆ చిన్న రంధ్రముగుండ చూచినపుడు కన్ను తనంతట మధ్యమును వెదకికొనును. ముందటి పూసను లేడి భుజముపై నిలుపుట తప్ప వేఱు పని యుండదు. దుర్భిణి లేనిదే గురిచూడలేని కన్నులవారు, కర్మాగారమునందే రంధ్రములు పెట్టబడిన 1950ల నాటి తుపాకిని ఎన్నుకొని, ఎల్ పాసో పట్టణపు వీవరు వారి నాలుగింతల కె4 దుర్భిణిని పెట్టుకొందురు గాక. రెండును ఒక తరమువే గనుక ఒప్పియుండును. మడమ చీలకుండుటకు నేర్పరియైన పనివాడు టాంగు వెనుక కొయ్యను కాగితపు మందము తొలగించి, అదరుపాటు దెబ్బ అచ్చట పడనీయక, తక్కిన సమతలములపై పంచును. గుండు విషయమున మఱియొక రహస్యము కలదు. పూర్వపు .250-3000 గొట్టములందు మెలిక పదునాలుగు అంగుళములకు ఒక చుట్టు మాత్రమే. కావున వానిలో 87 గ్రెయినుల గుండు సూటిగా పోవునుగాని, అంతకంటె పొడవైన బరువు గుండ్లు తడబడి గురి తప్పవచ్చును. దీని నెఱుగక పాత గొట్టమునే నిందించువారు కలరు. దోషము గొట్టమునది కాదు, గొట్టము పెట్టిన నియమమును లెక్కసేయని చేతిది. సాదా తోలు భుజపట్టా, కొంచెము నూనె, పాత నూలుగుడ్డ: ఇంతకుమించి దానికి అలంకారము వలదు.

ఇప్పుడు హృదయమును మండించు సంగతి చెప్పక తప్పదు. 1964లో వించెస్టరువారు ఖర్చు తగ్గించుటకై, ఉక్కును చెక్కి చేయు భాగములకు బదులు రేకును అచ్చొత్తి చేసిన భాగములను 94లో చొప్పించిరి. రిసీవరు లోహమును మార్చగా దానికి సాంప్రదాయికమైన నీలివన్నె పట్టకపోయెను. నాటినుండి నేటివఱకు కొనువారు ‘అరువదినాలుగుకు ముందుదా?’ అని అడుగుచున్నారు. ఒక కంపెనీకి ఇంతకంటె తీవ్రమైన తీర్పు వేఱొకటి యుండునా? నా సావేజి వారును నిర్దోషులు కారు. చేతితో చెక్కవలసిన గీతల అల్లికను కొయ్యపై అచ్చుతో నొక్కిరి. 1965లో ఊడదీయు పెట్టె మాగజైనుతో 99సి రూపమును వెలువరించి, కండెకు పోటీని తామే తెచ్చిరి. లోకమునకు ఈ తుపాకిని ప్రత్యేకమొనర్చిన ఆ అంకెల గవాక్షమునకు అందు చోటు లేకపోయెను! తుదకు 1990ల చివర, చేతిపని ఖర్చును భరింపజాలమని నిర్మాణమునే నిలిపివైచిరి. ఇంత చేతిపని లేనిదే తుపాకి పుట్టదన్నది దాని దోషమా? లెక్కలు చూచువారికి దోషము. కన్నులున్నవారికి అదియే దాని ఘనత.

నేడు లివరు తుపాకికి మరల ఆదరము కలిగినదని కొందఱు పండుగ చేసికొనుచున్నారు. అంగడికి పోయి చూడుడు: నల్లని ప్లాస్టిక్కు మడమలు, ముందుభాగమంతయు చిల్లులు, దీపములు తగిలించుటకు పట్టాలు, గొట్టము కొనకు సైలెన్సరు మరలు! వేటగాని సహచరిని ముట్టడి సిపాయివలె వేషము కట్టించి, దానిని పునరుజ్జీవనమనుచున్నారు. అట్టివి గుండును వదలునేమో. నాకు అభ్యంతరము లేదు. కాని వానిని లివరు తుపాకి పరంపరకు వారసులని పిలువవలదు. ఉక్కుముఖమునకు ఉక్కుముఖమును చేతితో సరిపుచ్చిన పనివాని ఓర్పు వానిలో ఏ మూలనున్నది?

కావున పాత సావేజిని సంపాదించుకొన్న ప్రతివానికి నా విన్నపము. దానిని తొలువకుడు. కోయకుడు. క్రొత్త నీలివన్నె పేరిట దాని ముఖమును చెఱపకుడు. అద్దాల బీరువాలో బంధించి ధర పెరుగుటకై ఎదురుచూచుటయు దానికి గౌరవము కాదు. ఏటేట ఋతువున అడవికి కొనిపొండు, దానికి తగిన గుండుతో కాల్చుడు, ఇంటికి వచ్చి తుడిచి నూనె పూయుడు. మీరు చేసిన ప్రతి మార్పును, విప్పిన ప్రతి మరను ఒక కాగితమున వ్రాసి తుపాకితోకూడ ఉంచుడు. మీ తరువాత దానిని చేపట్టువాడు యుటికా పనివాడు చేసినదేదో, మీరు చేసినదేదో వేఱుగా తెలిసికొనగలుగవలెను. ఆ కర్మాగారము మరల పుట్టదు, ఆ చేతులు మరల రావు. మిగిలిన తుపాకులలో ఒక్కదానినైన చెడగొట్టువాడు తన సొంత సొత్తును చెడగొట్టుకొనుచున్నానని భ్రమపడకుండు గాక. అతడు చెడగొట్టునది మరల చేయ వీలులేని పనిని.