చౌక మందు – వాగు ఖరీదు

పటాన్‌చెరు మందుల చౌకదనమును పొగడువారు 1970 నాటి పేటెంటు చట్టమును చూపుదురు. అది 2005 వరకు మందుకు కాక, దానిని తయారుచేయు పద్ధతికే పేటెంటు నిచ్చినది. వేరొక పద్ధతి కనుగొన్నవారు అదే మందును చౌకగా చేసి దేశదేశములకు అమ్మిరి. వాదము సరియే, లెక్క మాత్రము సగమే. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు, అక్కడి మురుగు శుద్ధి కేంద్రము విడిచిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కలదని ప్రకటించిరి. మాత్ర మ్రింగిన రోగి రక్తములోనైనను అంత ఉండదు! ఇట్టి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులే నిలిచి పెరుగును. ఆ నీరు అప్పట్లో ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు పోయెడిది. విదేశపు కొనుగోలుదారు చెల్లించు ధరలో వాగు ఖరీదు చేరలేదు. 2020లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి మురుగులో యాంటీబయాటిక్కులకు హద్దులు ప్రతిపాదించినది. 2021 తుది నిబంధనలలో అవి కానరావు.