తీగ కనబడితే కనబడనీ

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో పాత జానపద సినిమా పెట్టుకోవడం అలవాటు. టీవీలో వస్తే టీవీలో, లేకపోతే నాన్న ఫోన్లో. దెయ్యమో గబ్బిలమో గాల్లో ఎగరగానే మా తమ్ముడు "అక్కా, తీగ! అదిగో తీగ!" అని అరుస్తాడు. వాడికి సినిమా అంటే తీగను కనిపెట్టే ఆట. నేనూ నిన్నమొన్నటి దాకా అలాగే నవ్వేదాన్ని. ఇప్పుడు కూడా నవ్వుతాను, కానీ వేరే చోట్ల కోపం వస్తోంది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ఈ సినిమాలంటే ముందు చెప్పాల్సిన పేరు బి. విఠలాచార్య గారు. 1920లో కర్ణాటకలో ఉడుపి దగ్గర ఉద్యావర అనే ఊళ్లో పుట్టారు. మన మద్రాసుకు వచ్చి తెలుగు సినిమాలు తీసి 'జానపద బ్రహ్మ' అనిపించుకున్నారు. 1999లో కన్నుమూశారు. బందిపోటు (1963), నవగ్రహ పూజా మహిమ (1964), జ్వాలాద్వీప రహస్యం (1965), జగన్మోహిని (1978), ఇలా చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. జగన్మోహిని తమిళంలోకి కూడా వెళ్లి బాగా ఆడింది. అందుకే మా వీధిలో తెలుగు ఒక్క ముక్క రాని తమిళ పెద్దవాళ్లు కూడా ఎక్కడైనా నమ్మలేని విషయం చూస్తే "విఠలాచార్య పడం మాదిరి" అంటారు. మన పేరు అవతలి భాషలో సామెత అయిపోయిందంటే చిన్న విషయం కాదు కదా!

ఆయన ఖర్చు లెక్క చూసుకుని సినిమా తీసేవారని పేరు. ఏ నటుడైనా డేట్లు ఇవ్వకుండా ఇబ్బంది పెడితే కథలో ఒక ముని శాపం పెట్టించి ఆ పాత్రను చిలకగానో మేకగానో మార్చేసేవారట. నిజమో కాదో గానీ, చూస్తుంటే నమ్మాలనిపిస్తుంది. హీరో ఉన్నట్టుండి మేకై పది నిమిషాలు గడ్డి తింటుంటే "ఆ రోజు ఎవరో షూటింగుకి రాలేదు" అనుకుంటాం మేము.

మా తాతయ్య వయసులో ఉన్నప్పుడు వడపళని స్టూడియోల్లో వడ్రంగి పనికి వెళ్లేవారు, రోజు కూలికి. ఏ సినిమా ఎవరిదో ఆయనకు గుర్తు లేదు. కానీ చెక్క గుర్తుంది. "రాజుగారి కొలువు తీసిన మర్నాడు అదే సెట్టుకి గోనెపట్ట కప్పి నల్లరంగు కొడితే మాంత్రికుడి గుహ" అంటారు. తీగ కనబడకుండా దానికి వెనకాల గోడ రంగే పూసేవాళ్లట. లైటు కొంచెం పక్కకి తిరిగితే చాలు, మెరిసిపోయేది. "మళ్లీ తీయొచ్చు కదా తాతయ్యా?" అంటే ఆయన నా వంక జాలిగా చూశారు. "ఫిలిమ్ నీ ఫోన్ అనుకున్నావేంటమ్మా? అడుగడుక్కీ డబ్బే."

ఆయన మాట పరీక్షించాలని మేడ మీద మేమూ ఒక మాయ చేశాం. మనిషి మాయమయ్యే మాయ. అన్నిటికంటే తేలిక అదే. కెమెరా కదలకూడదు. తీయడం ఆపాలి, మనిషి పక్కకి తప్పుకోవాలి, మళ్లీ తీయాలి. రెండూ అతికిస్తే మనిషి మాయం. తమ్ముడు నిలబడ్డాడు, ఫోన్ని ఇటుక మీద ఆనించాను, ఆపాను, వాడు పరిగెత్తాడు, మళ్లీ నొక్కాను. చూసుకుంటే తమ్ముడితో పాటు నీళ్ల ట్యాంకు కూడా ఒక అడుగు పక్కకి ఎగిరింది! ఏడుసార్లు చేస్తే ఒక్కసారి కుదిరింది. పక్కన ఇంకో మనిషి ఉంటే వాళ్లు చెయ్యి ఎత్తి ఉన్నది ఎత్తినట్టే బొమ్మలా ఉండాలి. కాంతారావు గారి పక్కన నిలబడ్డ భటులందరూ అలా ఊపిరి బిగబట్టి ఉన్నారని ఇప్పుడు తెలుస్తోంది. తీగను చూసి నవ్వడం తేలికే, తీగ కనబడకుండా చేయడమే కష్టం.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 1955లో సముద్రం అడుగు నుంచి ఒక పెద్ద ఆక్టోపస్ వచ్చి వంతెన విరగ్గొట్టే సినిమా తీశారు. బొమ్మలు చేసింది రే హారీహౌసెన్. డబ్బు చాలక ఆక్టోపస్‌కి ఎనిమిది బదులు ఆరు చేతులే పెట్టారు. చూసేవాళ్లు లెక్కపెట్టుకోలేదు. అంతకు రెండేళ్ల ముందు రోబట్ మాన్‌స్టర్ అని ఇంకొకటి వచ్చింది. అందులో గొరిల్లా వేషం మీద సముద్రంలో దిగేవాళ్ల హెల్మెట్ లాంటిది తగిలించి, ఇదే వేరే గ్రహం రాక్షసుడు అన్నారు. మొదటిది చూసి ఆశ్చర్యపోతాం, రెండోది చూసి పొట్ట పట్టుకుని నవ్వుతాం. రెంటికీ డబ్బు లేదు. తేడా ఎక్కడుంది? ఒకరు డబ్బు లేని చోట ఆలోచన పెట్టారు, ఇంకొకరు చేతికి దొరికింది పెట్టారు.

జగన్మోహినిలో అందరికీ గుర్తుండే దృశ్యం తీసుకోండి. దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తుంది. దీనికి ఎంత ఖర్చయి ఉంటుంది? పొయ్యి ఉంది, గిన్నె ఉంది, మంట ఉంది. మన వంటింట్లో రోజూ కనబడే పనిలో ఒక్క వస్తువు మార్చారు, అంతే. మా అమ్మ చిన్నప్పుడు అది చూసి వారం రోజులు వంటింట్లోకి ఒక్కతే వెళ్లలేదట. ఇదే పేరుతో 2009లో నమితతో తమిళంలో మళ్లీ తీశారు. కంప్యూటర్ బొమ్మలు పెట్టారు, ఇళయరాజా గారి సంగీతం కూడా ఉంది. చూశాను. తీగ ఎక్కడా లేదు, భయమూ ఎక్కడా లేదు. తమ్ముడైతే మధ్యలోనే లేచి క్రికెట్‌కి వెళ్లిపోయాడు.

ఇంతవరకూ మెచ్చుకున్నాను. ఇప్పుడు నాకు నచ్చనిది.

నేను చూసిన చాలా జానపదాల్లో రాక్షసుడంటే ఒకటే లెక్క. ఒళ్లంతా నల్లరంగు, ఉంగరాల జుట్టు, పెద్ద పెదాలు. మంచి దేవకన్య తెల్లగా ఉంటుంది, చెడ్డది నల్లగా ఉంటుంది. ఇంకో సంగతి, ఆడవాళ్లకి రెండే ఉద్యోగాలు. ఒకటి మగవాణ్ణి పట్టుకునే దెయ్యం, రెండోది ఆయన్ని విడిపించడానికి పూజ చేసే భార్య. జగన్మోహినిలో జయమాలిని గారు మొదటిది, ప్రభ గారు రెండోది. మధ్యలో హీరోకి ఏ పనీ లేదు, ఇద్దరి మధ్య సామానులా అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఇక దెయ్యం డాన్సులు వచ్చినప్పుడు మా ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలోకి వెళ్తుందో మీ ఇంట్లోనూ అంతే అనుకుంటాను.

"అప్పటి సినిమాలు అంతే, డబ్బు లేదు పాపం" అంటారు. ఈ తప్పులకి డబ్బుతో ఏం సంబంధం? నల్లరంగు డబ్బా ధర, ఎర్రరంగు డబ్బా ధర ఒకటే. 1957లో మాయాబజార్ మన వాహినీ స్టూడియోలోనే తీశారు. అది పెద్ద సినిమా, మార్కస్ బార్‌ట్లీ కెమెరా, చిన్న చిన్న బొమ్మ ఇళ్లతో కట్టిన ద్వారక, అవన్నీ అందరికీ కుదరవు, ఒప్పుకుంటాను. కానీ అందులో ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు రాక్షసుడే కదా! లడ్డూలు ఎగిరి ఆయన నోట్లోకి వెళ్తుంటే ఏ పిల్లాడైనా భయపడ్డాడా? అందరికీ ఆయన మన వైపు మనిషే. రాక్షసుణ్ణి మన వైపు మనిషిని చేయడానికి అయిన ఖర్చు ఎంత? (ఆ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు ఆసుపత్రీ మాలూ ఉన్నాయి. తాతయ్య ఆ మాల్లోకి మాత్రం రారు. "ఎక్కడ ఏ ఫ్లోరో తెలియడం లేదు" అంటారు.)

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట మా వీధిలో వినాయక చవితికి పిల్లల నాటకం వేశారు. వేషాలు పంచుతూ రాక్షసి దగ్గరికి వచ్చేసరికి ఒకాయన నన్ను చూపించి "ఈ అమ్మాయిని పెట్టండి, మేకప్ ఖర్చు మిగులుతుంది" అన్నారు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. ఆయన చెడ్డవారు కాదు, నాకు ప్రసాదం రెండుసార్లు పెట్టారు ఆ రోజు. కానీ ఆ మాట ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? నేను చూసిన సినిమాలే ఆయనా చూశారు. తీగ కనబడితే అక్కడికక్కడే నవ్వేసి మరిచిపోతాం. రంగు మాత్రం తీగలా కనబడదు, అందుకే ఎవరూ "అదిగో!" అని అరవరు.

అలాగని ఆ సినిమాలు చూడడం మానేశానా? లేదు. పొయ్యిలో కాళ్లు పెట్టిన మనిషి బుర్రంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఆ బుర్ర రాక్షసుడి రంగు దగ్గర ఎందుకు ఆగిపోయిందన్నదే నా బాధ.

పోయిన చవితికి రాక్షసి వేషం నేనే అడిగి తీసుకున్నాను. ఆకుపచ్చ రంగు కావాలన్నాను. డబ్బా నా డబ్బుతోనే కొన్నాను. తాతయ్య అట్టతో రెండు కాళ్లు చేసి, లోపల ఎర్ర బల్బు పెట్టి పొయ్యిలో అమర్చారు. నేను గరిటె తిప్పుతుంటే చిన్నపిల్లలు నిజంగానే వెనక్కి జరిగారు. ఇంతలో ఎడమకాలు ఊడి ముందు వరుసలో ఉన్న ఒక పెద్దమ్మ ఒళ్లో పడింది. ఒకటే నవ్వులు. ఆ కాలు నాకు తిరిగి ఇచ్చింది మా తమ్ముడు, "అక్కా, తీగ కనబడింది" అంటూ. ఆకుపచ్చ రంగు మాత్రం రెండు రోజులు చెవి వెనకాల పోలేదు.