వజూ ఒక్కసారే

డిగ్రీ రోజుల్లో నన్ను వస్వాస్, అంటే వదలని అనుమానం, పట్టుకుంది. బందరులో మా మసీదు కుళాయి దగ్గర వజూకి, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, కూర్చుంటే లేచేవాణ్ణి కాదు. మోచేయి తడిసిందా? మడమ వదిలేశానా? మళ్లీ మొదటినుంచి. లోపల జమాత్ అయిపోయేది, నేనింకా కుళాయి దగ్గరే. ఇంట్లో నజర్ అన్నారు, గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు.

మా ఇమామ్ సాబ్ మాత్రం, "మూడుసార్లు కడిగితే చాలు బేటా. ఆపైన అనుమానమొస్తే పట్టించుకోకు, వెళ్లి నమాజులో నిలబడు" అన్నారు. ఆయన సొంత మాట కాదది. రూఢి అయినదాన్ని అనుమానం చెరపలేదన్నది ఇస్లామీ ధర్మశాస్త్రమైన ఫిఖహ్ సూత్రం. "దువా నేను చేస్తా, డాక్టరుకూ చూపించుకో" అని కూడా ఆయనే అన్నారు.

గుడివాడ మీదుగా రైల్లో బెజవాడ వెళ్లాను. అక్కడి సైకాలజిస్టుకు వజూ అంటే తెలియదు. అడిగి, ఓపిగ్గా చెప్పించుకున్నారావిడ. అంతా విని చెప్పిందీ అదే: ఒక్కసారి చేసి లేచిపోండి. దడ పుడుతుంది, పుట్టనివ్వండి, దానంతటదే దిగుతుంది. డాక్టర్లు ఓసీడీ అనే ఈ జబ్బుకు ముఖ్యమైన చికిత్స ఇదే, అవసరమైతే మందులూ ఇస్తారు. వినడానికి సులువే, ఆ దడతో నమాజు సఫ్‌లో నిలబడాలంటే తెలుస్తుంది! పైగా జబ్బు దైవస్మరణ అయిన జిక్ర్‌నూ వదలదు. తస్బీహ్ లెక్క తప్పిందేమోనని మళ్లీ మొదలెట్టిస్తుంది. భక్తి ఏదో జబ్బు ఏదో విడదీసి చూపడానికి నాకు ఆ ఇద్దరూ కావలసి వచ్చారు.

వస్వాస్‌ను జబ్బుగా చూడడం కొత్త సంగతేం కాదు. 934లో కన్నుమూసిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ మనసుకూ కలిపి ఒకే గ్రంథం రాసి, అందులో వస్వాస్‌కు విడిగా అధ్యాయమే పెట్టాడు.

దువా ఒక్కటే చాలనుకుంటే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో చూశాం. దర్గా దగ్గరి పాకలో గొలుసులతో కట్టేసిన రోగులు, 28 మంది, మంటలకు బలయ్యారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను నిషేధించింది. గుజరాత్‌లో ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో సేవకులైన ముజావర్లే రోగులను అక్కడ కూర్చునే డాక్టర్ల దగ్గరికి పంపే ఏర్పాటు చేశారు. మనకూ అలాంటిది కావాలి.

మగ్రిబ్ తర్వాత మన మసీదుల గుమ్మాల ముందు హిందూ తల్లులూ పిల్లల్నెత్తుకుని ఊదించుకోవడానికి నిలబడతారు. దివిసీమ పల్లెల్లో సైకాలజిస్టు దొరకడం కష్టం, ఇమామ్ దొరుకుతారు. అందుకే ఇమామ్ సాబులకు ఒక మనవి: జుమా బయాన్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 చెప్పండి. ఫోను ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు.