తనను చెరిపేయమనే గ్రంథం

సమీక్షకు నోచుకోని రచనలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. పంచాంగం, శుభలేఖ, రైల్వే టైమ్ టేబులు, కుక్కరుతో పాటు వచ్చే చిన్న పుస్తకం. వీటిని ఎరగని ఇల్లు లేదు. వీటి గుణదోషాలు విచారించిన విమర్శకుడూ లేడు. నవల బాగుండకపోతే పక్కన పడేస్తాం. కుక్కరు పుస్తకం బాగుండకపోతే పప్పే ఉడకదు. అయినా మన విమర్శంతా నవలలకే! ఆ లోటు కొంతైనా తీర్చుదామని ఈ వారం ఒక చిత్రమైన రచనను మీ ముందు పెడుతున్నాను.

ఇంజనీరింగు సదస్సులకు పేపర్లు పంపేవాళ్ళ కోసం ఐ ట్రిపుల్ ఇ అనే సంస్థ తయారుచేసి ఇచ్చిన నమూనా ఇది. పిల్లలు టెంప్లేటు అంటారు. అమెరికాలో 1884లో పుట్టిన ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘమూ, 1912లో పుట్టిన రేడియో ఇంజనీర్ల సంఘమూ 1963లో కలిసిపోయి ఈ సంస్థ అయింది. ఇంజనీరింగు చదివే పిల్లలున్న ఇళ్ళల్లో ఈ పేరు కొత్తేమీ కాదు. మా అక్క కూతురు ఎం.టెక్. చదువుతూ తన మొదటి పేపరు సిద్ధం చేసుకుంటుంటే ఈ నమూనా నా కంటపడింది. దాని పరిశోధన నాకు అర్థం కాలేదు గానీ, నమూనా మాత్రం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివించింది.

నమూనా అంటే గళ్ళుగళ్ళుగా ఉండే ఖాళీ ఫారం అనుకునేరు. అదీ ఒక పేపరు రూపంలోనే ఉంటుంది. శీర్షిక ఉండాల్సిన చోట శీర్షిక ఎలా ఉండాలో చెబుతుంది. సారాంశం ఉండాల్సిన చోట సారాంశంలో ఏమి రాయకూడదో చెబుతుంది. పేపరు పేరు 24 పాయింట్ల అక్షరాల్లో, రచయితల పేర్లు 11లో, సారాంశం 9లో బొద్దుగా, అసలు విషయం 10లో, చివరనుండే ఆధారాల పట్టిక 8లో. పాయింటంటే అంగుళంలో 72వ వంతు. జాకెట్టు కొలతలు తీసే చేతికి ఈ లెక్కలు ఇట్టే పట్టుబడతాయి. పుటకు రెండు కాలమ్‌లు. అక్షరం టైమ్స్ న్యూ రోమన్. లండన్ టైమ్స్ పత్రిక తన కోసం చేయించుకుని 1932 అక్టోబరు 3న మొదటిసారి వాడిన అక్షరమది. ఇరుకు కాలమ్‌లో పొందికగా సర్దుకుపోవడం దాని సుగుణం.

బొమ్మకు వివరణ కింద ఉండాలి, పట్టికకు శీర్షిక పైన ఉండాలి. దశాంశ బిందువుకు ముందు సున్నా తప్పనిసరి. మొదట ఇదంతా చాదస్తమనిపించింది. కానీ పంక్తి భోజనంలో మాత్రం మనం చేసేదేమిటి? విస్తట్లో ఉప్పు ఎక్కడో, ఊరగాయ ఎక్కడో, పప్పు ఎక్కడో ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే వందమందికి వడ్డించేవాడి చెయ్యి తడుముకోదు. వందల పేపర్లు చదివేవాళ్ళ కన్నూ అంతే. ఏది ఎక్కడుందో వెతుక్కోకుండా ఏముందో చూస్తుంది.

ఇక శైలి సంగతి. ఇందులో హాస్యం ఉంది, రాసినవాళ్ళు ఉద్దేశించారో లేదో తెలియదు గానీ. ‘వాడుక సౌలభ్యం’ అని అర్థం వచ్చే శీర్షిక ఒకటుంది. దాని కింద మొట్టమొదటి మాట ఏమిటంటే, మీ కాగితం ఈ సైజు కాకపోతే వెంటనే దీన్ని మూసేసి ఇంకొకటి తెచ్చుకోండని! మనవైపు వాడే ఎ4కి ఒక నమూనా, అమెరికావాళ్ళ లెటర్ సైజుకి వేరే నమూనా. చివర్లో ఎర్ర అక్షరాలతో హెచ్చరిక ఉంటుంది. పేపరు పంపేముందు ఈ నమూనాలోని మాటలన్నీ తీసేయాలి, తీయకపోతే మీ పేపరు అచ్చు కాకపోవచ్చు. ‘నన్ను చదివి, నేను చెప్పినట్టు చేసి, నన్ను పూర్తిగా చెరిపేయండి’ అని అడిగే గ్రంథం మీరెక్కడైనా చూశారా? నేను చూడలేదు. తన పేరు నిలవాలని తపించే రచయితలున్న ఈ లోకంలో ఇదొక నిరాడంబరత్వం.

అన్నిటికన్నా నాకు నచ్చిన మాట అంచుల గురించి చెప్పినది. పైన వదిలిన ఖాళీ మామూలుకన్నా ఎక్కువగా కనిపించవచ్చు, అది కావాలని పెట్టిందే, ఎందుకంటే మీ పేపరు ఒంటరిది కాదు, మొత్తం సంపుటిలో ఒక భాగం – ఇదీ దాని భావం. ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసినవాళ్ళకి ఈ మాట వేరే వివరించాలా! మన గది మన ఇష్టమే, కానీ గుమ్మం మాత్రం ఇంటికంతటికీ సరిపోవాలి.

ఆ సర్దుబాటు వల్ల లాభమెవరికి? లేనివాళ్ళకే ఎక్కువ. కంప్యూటర్లు రాకముందు రచయితలు సంస్థ పంపిన కాగితం మీద లేతనీలం గీతలు దాటకుండా టైపు చేసి పంపేవారు. ఆ నీలం కెమెరాకు ఆనదు కనుక గీతలు పోయి టైపు మాత్రం అచ్చయ్యేది. మంచి టైపు మిషనున్న పెద్ద సంస్థ పేపరు ఒకలాగా, రిబ్బను వెలిసిన చిన్న కాలేజీ పేపరు ఇంకొకలాగా కనిపించేవి. 1977లో డొనాల్డ్ కనూత్ అనే అమెరికా ప్రొఫెసరు తన పుస్తకం రెండో కూర్పుకు వచ్చిన ప్రూఫుల్లో అక్షరాలు చూసి బాధపడి, అచ్చు కూర్చే ప్రోగ్రాము తానే రాయడానికి కూర్చున్నారు. త్వరలో ముగుస్తుందనుకున్న పని దాదాపు పదేళ్ళు పట్టింది. దాని పేరు టెక్. దానిమీద 1980లలో లెస్లీ లాంపోర్ట్ కట్టింది లేటెక్. రెండూ ఉచితమే. నేడు ఈ నమూనా వర్డ్‌లోనూ దొరుకుతుంది, లేటెక్‌లోనూ దొరుకుతుంది. అందువల్ల పెద్ద విశ్వవిద్యాలయం ప్రొఫెసరు పేపరూ, మన జిల్లా కాలేజీ అమ్మాయి పేపరూ పక్కపక్కన పెడితే కాగితాన్ని బట్టి తేడా చెప్పలేం. విషయాన్ని బట్టే చెప్పాలి. ఆడపిల్లకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకో సుగుణం చెప్పకపోతే అన్యాయం. ఆధారాల పట్టికలో ఆరుగురు, అంతకు మించి రచయితలుంటే తప్ప, ‘తదితరులు’ అనే అర్థం వచ్చే మాట వాడవద్దంటుంది, అందరి పేర్లూ రాయమంటుంది. మన పత్రికల్లో సభల వార్తలు చూడండి. అధ్యక్షుల పేర్లూ, వక్తల పేర్లూ అయ్యాక ‘తదితరులు పాల్గొన్నారు’ అని ఉంటుంది. ఆ తదితరుల్లో మనం ఎన్నిసార్లు కలిసిపోలేదు! అయిదుగురిలో అయిదో పేరైనా ఫరవాలేదు, పేరంటూ పడుతుంది. ఆ పేర్లు ఎడమ నుంచి కుడికి రాసిన వరసే ముందుముందు అందరూ ఉదహరించే వరస అని కూడా ముందే చెబుతుంది. కాబట్టి పని చేసిన పిల్ల ఎన్నో చోట ఉందో రాసేటప్పుడే చూసుకోవాలి.

ఇంత మెచ్చుకున్నాక, దోషం కూడా చెప్పాలి కదా. అది సరిగ్గా ఆ పేరు దగ్గరే ఉంది.

రచయిత పేరుకు నమూనా చూపించిన వరస: సొంతపేరు ముందు, ఇంటిపేరు తరవాత. మనది అటునుంచి ఇటు. కొండూరి పద్మావతి అనే అమ్మాయి ఉందనుకోండి. నమూనా చెప్పినట్టు ‘పద్మావతి కొండూరి’ అని రాసిందంటే, ఇతరుల పట్టికల్లో ‘పి. కొండూరి’ అవుతుంది. పద్మావతి ఒక్క అక్షరంలోకి కుంచించుకుపోయింది. పోనీ మన అలవాటు ప్రకారం రాసిందా, పద్మావతే ఇంటిపేరు అనుకుని ‘కె. పద్మావతి’ అంటారు. అది మన బడి రిజిస్టరులో పేరే! రెండేళ్ళకు పెళ్ళయి ఇంటిపేరు వేమూరి అయిందనుకోండి. కొత్త పేపరు మీద ‘పి. వేమూరి’. మూడు పేర్లు, ఒకే మనిషి. ఎవరో ఆమె పని వెతుక్కుంటూ వస్తే ముగ్గురు అపరిచితురాళ్ళు కనిపిస్తారు. మగపిల్లాడికి పెళ్ళయితే ఇంటికి మనిషి వస్తుంది గానీ పేరు మారదు. అంతా సమానంగా కొలిచిన దర్జీ, మెడ దగ్గర మాత్రం ఒకే ఒళ్ళు ఊహించుకుని కత్తిరించాడు.

మందు కూడా ఆ పుటలోనే ఉంది, కాకపోతే చివరి వరసలో. చిరునామా కింద ఈమెయిలు గానీ, ఆర్కిడ్ గానీ ఇవ్వమంటుంది. ఆర్కిడ్ అంటే పువ్వు కాదు. పరిశోధకులకు 2012 నుంచి ఉచితంగా ఇస్తున్న 16 అంకెల గుర్తింపు. కాలేజీ ఈమెయిలు కాలేజీ వదిలితే పోతుంది. ఇంటిపేరు మారినా, ఊరు మారినా ఈ అంకెలు మారవు. ‘గానీ’ అని వదిలేసిన ఆ చోట, ‘ఇది తప్పకుండా ఇవ్వండి’ అని ఆడపిల్లలకైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ గ్రంథానికి నేను పూర్తి మార్కులు వేసేదాన్ని.

ఇప్పటికి నూటికి ఎనభై. ఆ మిగతా ఇరవై మనమే పూరించాలి. శుభలేఖ అచ్చుకిచ్చేముందు పేర్లు నాలుగుసార్లు సరిచూసుకునేవాళ్ళం. పిల్ల మొదటి పేపరు మీద తన పేరు ఎలా పడుతోందో, ఇకమీదట కూడా అలాగే రాస్తానని నిశ్చయించుకుందో లేదో, ఒక్కసారి అడిగి చూడకూడదూ?