రాత మనది, అల్లిక జిమ్‌ది

కోనసీమ గురించి నోట్సు రాసుకోవడం మొదలుపెట్టిన వారెవరికైనా నాలుగు రోజుల్లోనే ఒక సంగతి తెలిసిపోతుంది. ఇక్కడి విషయమేదీ ఒక్క పేజీలో ఇమడదు. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థాన్నే తీసుకోండి. వ్యాఘ్రేశ్వరం, కె.పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పుల్లేటికుర్రు. ఈ పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభలెక్కి ఆ తోటకు వస్తారు. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలువలో దిగి, అవతలి గట్టెక్కి రావాలి. ఇదంతా 'పండగలు' అన్న పుస్తకంలో రాయాలా, 'ఊళ్లు' అన్న దాంట్లోనా, 'ఏర్లు, కాలువలు' అన్న దాంట్లోనా? మూడింట్లోనూ రాస్తే ఒకచోట దిద్దింది మిగతా రెండుచోట్లా పాతదిగానే మిగిలిపోతుంది. ఒక్కచోటే రాస్తే, అవసరమైన రోజున ఎక్కడ రాశామో గుర్తుకు రాదు.

ఈ చిక్కు విప్పే ఉపాయం వికీ, అంటే లింకులతో ఒకదానికొకటి ముడిపడ్డ పేజీల అల్లిక. 1995 మార్చి 25న అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ మొదటి వికీని ఇంటర్నెట్టులో పెట్టారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అది పదిమందీ కలిసి రాసేది. అదే పద్ధతిని ఒక మనిషి తన కంప్యూటర్లో, తన నోట్సు కోసం వాడుకుంటే అది సొంత వికీ. అలాంటి సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. వాటిలో నేను రోజూ వాడేదీ, వాడేకొద్దీ గౌరవం పెరిగిందీ జిమ్ డెస్క్‌టాప్ వికీ. జాప్ కార్సెన్‌బర్గ్ దీన్ని తయారుచేశారు. మొదట పెర్ల్ భాషలో రాసి, తరవాత పైథాన్‌లో తిరగరాశారు. లినక్స్ మీదా విండోస్ మీదా నడుస్తుంది. ఉచితం, సోర్సు కోడు కూడా అందరికీ తెరిచే ఉంటుంది.

జిమ్‌లో ఒక పేజీ అంటే డిస్కు మీద ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఆ పేజీ కింద ఉప పేజీలు పెడితే అదే పేరుతో ఒక ఫోల్డరు పుడుతుంది. పేజీకి ఫొటో జతచేస్తే అదీ ఆ ఫోల్డర్లోకే చేరుతుంది. ఫైలు మొదట్లో ఇది ఏ రకం ఫైలో, ఏనాడు పుట్టిందో చెప్పే మూడు వరుసలను జిమ్ తన గుర్తు కోసం రాసుకుంటుంది. ఆ తరవాతదంతా మనం రాసిందే. శీర్షికకు రెండు పక్కలా సమానపు గుర్తులు, బొద్దు అక్షరాలకు రెండేసి నక్షత్రపు గుర్తులు, లింకుకు జంట చదరపు బ్రాకెట్లు ఉంటాయి. జిమ్ లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచినా ఏది శీర్షికో, ఏది లింకో కంటికే తెలిసిపోతుంది.

లింకు దగ్గర కాసేపు ఆగాలి. తెలుగులో ఊరి పేరు వాక్యంలోకి వచ్చేసరికి విభక్తితో రూపం మారిపోతుంది. పేజీ పేరు 'అమలాపురం', వాక్యంలో కావలసిందేమో 'అమలాపురానికి'. దీన్ని ఇలా రాస్తాం: [[అమలాపురం|అమలాపురానికి]]. నిలువు గీతకు ముందున్నది పేజీ పేరు, తరవాతది చదివేవారికి కనిపించే మాట. వాక్యం ఎక్కడా తడబడదు, లింకూ దారి తప్పదు. తెలుగు కోసం ప్రత్యేకంగా చేసిన ఏర్పాటు కాదిది. అయినా మన భాషకు ఇంతగా అక్కరకొచ్చే గుర్తు ఆ సాఫ్ట్‌వేర్లో మరొకటి లేదు.

ఒకే పేరు రెండుచోట్ల ఉన్నప్పుడు చూడాలి దాని పొందిక. గంగలకుర్రులోనూ పాలగుమ్మిలోనూ కొలువైన స్వామి పేరు చెన్నమల్లేశ్వరుడే. గంగలకుర్రు పేజీలో ఉండి [[+చెన్నమల్లేశ్వరుడు]] అని రాస్తే, ముందున్న కూడిక గుర్తును బట్టి ఆ పేజీ గంగలకుర్రు కింద పుడుతుంది. పాలగుమ్మి పేజీలో అదే రాస్తే పాలగుమ్మి కింద. ఏ ఊరి స్వామి ఆ ఊళ్లోనే ఉంటాడు.

ఇంకా పుట్టని పేజీకి కూడా లింకు ఇచ్చుకోవచ్చు. జగ్గన్నతోట పేజీలో పదకొండు ఊళ్ల పేర్లూ బ్రాకెట్లలో పెడితే, పేజీలు లేని ఊళ్లు వేరే తీరులో కనిపిస్తాయి. దేని మీద నొక్కినా ఖాళీ పేజీ తెరుచుకుంటుంది. అందులో ఏదైనా రాసేదాకా డిస్కు మీద ఫైలు పుట్టదు. ఇంకా తెలుసుకోవలసిన ఊళ్లేవో ఆ పేజీయే చూపిస్తుంది.

దీనికి రెండో వైపు వెనక లింకులు. 1996 నవంబరు 6 తుఫాను మీద ఒక పేజీ ఉందనుకోండి. కొబ్బరి మీద రాసినప్పుడు, అంబాజీపేట మార్కెట్టు మీద రాసినప్పుడు, లంక ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పింది రాసుకున్నప్పుడు ఆ తుఫాను మాట వచ్చిన ప్రతిచోటా లింకు ఇచ్చుకుంటూ పోతే చాలు. తుఫాను పేజీ తెరిచిన రోజున, దాన్ని తలచుకున్న పేజీలన్నీ వరసగా చూసుకోవచ్చు. ఏళ్ల ఎడంలో విడివిడిగా రాసుకున్న ముక్కలు ఒకచోట చేరతాయి. ఆ వరసను మనం రాయలేదు, జిమ్ అల్లింది.

పేజీని చోటు మార్చడంలో జిమ్ పనితనం ఇంకా బాగా బయటపడుతుంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. అదే ఏడు దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. అంతకు ముందు నుంచీ నోట్సు రాస్తున్నవారికి అమలాపురం, రాజోలు, కొత్తపేట అన్నీ 'తూర్పు గోదావరి' కింద ఉండేవి. జిమ్‌లో ఒక పేజీని కొత్తచోటికి మారిస్తే దాని కింది పేజీలూ వెంట వెళతాయి. మిగతా పేజీల్లో వాటికిచ్చిన లింకులను కూడా దిద్దమంటే తనే దిద్దుతుంది. చేత్తో చేయబోతే ఎక్కడో ఒకటి తప్పిపోయే పని ఇది.

కంటికి కనిపించని జాగ్రత్తలూ ఉన్నాయి. రాస్తుంటే తనంతట తనే భద్రపరుస్తుంది. అదీ పాత ఫైలు మీద నేరుగా రాయదు. పక్కన కొత్త ఫైలు రాసి, అది పూర్తయ్యాకే పాతదాని స్థానంలో పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాత పాఠం చెక్కుచెదరదు. అదే ఫైలును ఇంకో ప్రోగ్రాం మార్చి ఉంటే దాని మీద గుడ్డిగా రాసేయదు, ఆగి అడుగుతుంది.

వేగంగా వెతకడానికీ, లింకులు లెక్కగట్టడానికీ జిమ్ ఒక సూచిక పెట్టుకుంటుంది. అది మాత్రం డేటాబేసు. అయితే అందులో మన రాత ఉండదు, రాతను బట్టి తీసిన లెక్కే ఉంటుంది. చెరిపేసినా మళ్లీ ఫైళ్లన్నీ చదివి కొత్తది కట్టుకుంటుంది. దింపు తీసిన కొబ్బరిచెట్టు మళ్లీ గెల వేసినట్టే. ఏది పోతే తిరిగి రాదో దాన్ని మామూలు పాఠంగా ఉంచి, తిరిగి తయారుచేసుకోగలిగిన దాన్ని మాత్రమే తన సొంత రూపంలో దాచుకోవడం ఈ సాఫ్ట్‌వేర్ నిర్మాణంలోని అసలు తెలివి.

మామూలు పాఠం విలువ తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పుస్తకాలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతల్లా తెరుచుకోవడం ఎంతమంది చూడలేదు! తెలుగు 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నాటి నుంచే అందులో ఉంది. 'కోనసీమ' అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది. పేజీకి రెండు వేల సంకేతాలు వేసుకున్నా వెయ్యి పేజీల నోట్సు ఆరు మెగాబైట్లు దాటదు. ఒక పెన్‌డ్రైవులో ఎన్ని నకళ్లయినా పెట్టుకోవచ్చు.

లోటు లేకపోలేదు. జిమ్‌కు ఫోన్ యాప్ లేదు. తీర్థంలో నిలబడి రాసుకోవాలంటే ఫోన్లో ఏదో ఒక టెక్స్ట్ ఎడిటర్ వాడుకుని, ఇంటికొచ్చాక ఆ ఫోల్డర్లో చేర్చుకోవాలి. చూపులకు ఒబ్సిడియన్ లాంటి కొత్త సాఫ్ట్‌వేర్లంత సొగసుగా ఉండదు. ఫోన్లోనూ కావాలనుకునేవారు దాన్ని ఎంచుకున్నా మంచిదే, అదీ టెక్స్ట్ ఫైళ్లలోనే రాస్తుంది.

బడిపంతులైనా, కొబ్బరి రైతైనా, గుడి చరిత్ర సేకరించేవారైనా తన ఊరి పేరుతో ఒక పేజీ తెరిచి ఇవాళే మొదలుపెట్టవచ్చు. అధ్యాయాలూ విభాగాలూ ముందే తేల్చుకునే పని లేదు. రాస్తూ లింకులిచ్చుకుంటూ పోతే అవే తేలతాయి. రేపు ఇంతకన్నా మంచి పనిముట్టు వస్తే అదే ఫోల్డర్ని తీసుకెళ్లి దాని ముందు పెట్టవచ్చు. తనను వదిలి వెళ్లడానికి కూడా దారి తెరిచి ఉంచింది కనుకనే జిమ్ చేతిలో పదేళ్ల రాత ధైర్యంగా పెట్టగలం.