వెలిసిన రంగుకు వెల

ఈ వారం కాలమిస్టుకు కోపం తెప్పించింది ఒక బొంత. విశాఖలోని ఓ షోరూములో పరిచి పెట్టారు. బూడిద కలిసిన గులాబీ, మట్టి పట్టిన ఆకుపచ్చ, నీరుకావి. గుడ్డలన్నీ కొత్తవే, ఉతికి ఉతికి వెలిసినట్టు మిల్లులోనే అద్దారు. ‘మ్యూటెడ్ టోన్స్ సార్’ అన్నాడు సేల్స్ కుర్రాడు. ధర పట్టుచీరతో పోటీ పడుతోంది.

మసక రంగు కావాలంటే ఈ ఊళ్లో డిజైనర్ దేనికి? జ్ఞానాపురంలో ఏ డాబా మీదైనా దుప్పటి ఆరేస్తే చాలు, పోర్టు బొగ్గుపొడి ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది.

కాలమిస్టు వాదం పాతదే: రంగు వాడగా వాడగా మెత్తబడాలి గానీ కొనుక్కుంటే రాదు. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ నల్లజాతి స్త్రీల బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియం ప్రదర్శించింది. వాటిలో కొన్ని, పనిలో అరిగిన జీన్ ప్యాంట్లతో కుట్టినవి. జేబు ఊడదీసిన చోట ఎండ తగలక ముదురు నీలం అలాగే మిగిలింది. చుట్టూ వెలిసిన నీలం ఉండబట్టే ఆ చదరం కంటికి ఆనుతుంది.

చరిత్ర మాత్రం ఆయన పక్షాన లేదు. 1643లో లండన్ నుంచి ఈస్టిండియా కంపెనీ సూరత్‌లోని తన ఉద్యోగులకు ఉత్తరం రాసింది: మీరు పంపే బొంతల మసక ఎరుపు ఇక్కడ అందరికీ నచ్చడం లేదు, తెల్లనేల మీద రంగుల పువ్వులు కావాలి అని. మన మచిలీపట్నం వైపు అద్దకాల మీద ఐరోపా మోజుపడింది కూడా ఉతికినా వెలవవనే. కరక్కాయ కలిపిన పాలలో గుడ్డ నానబెట్టడం, పటిక అద్ది చిరివేరుతో ఉడికించడం, ఆ శ్రమంతా ఎరుపు నిలవడానికే.

అంతెందుకు, ఆయన మామ్మ బొంతనే చూడండి. లోపల పొరలుగా పాత పంచెలు, అంచుల్లో నీరుకావి ముక్కలు. ఆవిడ ముచ్చటపడి వేసినవి కావు, ఇంట్లో ఉన్నవి అవే. ముచ్చటపడి వేసింది నడిమధ్యన: పెళ్లిచీర కొంగు, మిరపపండు ఎరుపు. వెలిసిన రంగు మీద మోజు మనవడిదే.

కాబట్టి మసక రంగులు తప్పేం కాదు, అన్నీ ఒకే మసకైతేనే చిక్కు. బొంత కుట్టేముందు ముక్కలన్నీ నేలమీద పరిచి ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీయండి. అంతా ఒకే బూడిదగా కనిపిస్తే రెండు ముదురు ముక్కలు వెతకండి.